తీపి లేని జర్మనీ వైన్, మధుమేహము, నేను చెప్పిన ఒక మాట

మధుమేహవ్యాధి ఉన్నవారు వైన్ త్రాగవచ్చునా, తీపి లేని వైన్ అయితే దోషము లేదట కదా అని ఈమధ్య నన్ను అడిగేవారు ఎక్కువయ్యారు. బెంగుళూరులో ఉద్యోగములు చేసే పిల్లలు పండుగలకు హిందూపురము వచ్చేటప్పుడు మిఠాయి పెట్టెతో పాటు వైన్ సీసా కూడ తెచ్చే కాలము వచ్చినది. ఈ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేను. దానికి కారణము 2019 జూలై చివరలో జరిగిన ఒక సంగతి. ఇంతవరకు దానిని ఎక్కడా వ్రాయలేదు. నా స్నేహితుడు వ్రాయమన్నాడు కనుక, అతని పేరు చెప్పకుండా, ఇప్పుడు వ్రాస్తున్నాను.

ఆ సంవత్సరము మే నెలలో మా అమ్మాయి ఇంటికి జర్మనీ వెళ్ళాము. అల్లుడు ఇంజనీరు. వాళ్ళు ఉండేది మైన్ నది ఒడ్డున ఉన్న రుస్సెల్స్‌హైమ్ అనే ఊరు. ఆ ఊరు పేరు చెప్పగానే జర్మనీ వారికి ఓపెల్ కార్లు గుర్తుకు వస్తాయి. 1862లో కుట్టు మిషన్లతో మొదలైన ఆ సంస్థ 1899 నుంచి కార్లు చేస్తున్నది. అయితే ఆ ఊరికి అంతకంటె పాత ప్రసిద్ధి మరియొకటి ఉన్నది. రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష పేరు వ్రాతలో మొదటిసారి కనిపించినది అక్కడే. 1435 మార్చి 13వ తేదీ వేసిన ఒక లెక్కలో, అక్కడి కోటను ఏలిన కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువుకు రీస్లింగ్ తీగలు కొన్నందుకు అయిన ఖర్చు వ్రాసి ఉన్నది. 1435 అనగా ఇక్కడ విజయనగరములో రెండవ దేవరాయల కాలము. మన పెనుకొండ కోట అప్పటికే రాయలకు ముఖ్యస్థావరము. ఒక కోటలో ద్రాక్షతీగల ఖర్చు వ్రాసుకొంటున్నప్పుడు మరియొక కోటలో ఏ లెక్కలు వ్రాసుకొన్నారో అనుకొన్నాను. ఇప్పుడు రెండు ఊళ్ళకూ కార్ల కర్మాగారములే గుర్తింపు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారము ఆ సంవత్సరమే పని మొదలుపెట్టినది.

ఒక ఆదివారము అల్లుడు మమ్ములను రైన్‌గౌ సీమకు తీసుకొని వెళ్ళాడు. ఉత్తరమునకు పారే రైన్ నది అక్కడ ముప్పై కిలోమీటర్ల మేర పడమరకు తిరుగుతుంది. అందువలన ఉత్తరపు ఒడ్డున ఉన్న కొండవాలులన్నీ దక్షిణమునకు ముఖము పెట్టి ఎండ కాచుకొంటాయి. వెనుక టౌనస్ కొండలు చలిగాలిని ఆపుతాయి. భూమధ్యరేఖకు యాభై డిగ్రీల ఉత్తరమున, అంత చలిదేశములో ద్రాక్ష పండుతున్నదంటే ఆ వాలు పుణ్యమే. అక్కడి యోహానిస్‌బెర్గ్ కోట తోటలో 1720 నుంచి రీస్లింగ్ నాటారు. ఆ ద్రాక్ష నిదానముగా పండుతుంది. చలి వలన పులుపు తగ్గదు. మన ఎండలకు పండే ద్రాక్షలో తీపి త్వరగా పెరిగి పులుపు పడిపోతుంది. 

ఆ మధ్యాహ్నము ఒక చిన్న తోట యజమాని ఇంటి ముందు బల్లల దగ్గర కూర్చున్నాము. ఆస్పరాగస్ కాలము. తెల్లని లేత కాడలను ఉడికించి, వెన్న, గ్రుడ్డుసొనల చారు పోసి, బంగాళాదుంపలతో పెట్టారు. అది మన పిల్లపీచర తీగకు దగ్గరి చుట్టము. జూన్ 24 తరువాత ఆ కాడలు కోయరట, వేరు మరుసటి ఏటికి బలము పుంజుకోవాలి కనుక. దానితో పాటు ‘ట్రోకెన్’ అని వ్రాసిన రీస్లింగ్ ఇచ్చారు. నేను సర్వీసులో ఉన్న రోజులలో పెళ్ళిళ్ళలో, వీడ్కోలు విందులలో ఒకటి రెండు పెగ్గులు పుచ్చుకొన్నవాడనే. ఈ రుచి మాత్రము కొత్తది. నిమ్మకాయ, పచ్చి ఆపిల్, తడిసిన రాయి, వీటి వాసన కలిసినట్లున్నది. నోరు ఊరినది. వెన్న జిడ్డు నాలుకపై నుంచి తుడిచివేసినట్లు పోయినది. మన ఇళ్ళలో నెయ్యి వేసిన పప్పన్నము తరువాత చారు చేసే పని అదే.

ట్రోకెన్ అనగా పొడి అని అర్థము. వైన్ విషయములో తీపి లేనిదని తాత్పర్యము. దీనిని మనవారికి చెప్పడానికి ఈత కల్లు కంటె మంచి ఉదాహరణ లేదు. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొలదీ అందులోని ఈస్టు చక్కెరను తిని సారముగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. సాయంత్రానికి తీపి పోతుంది, పులుపు, మత్తు మిగులుతాయి. ద్రాక్షరసములోనూ జరిగేది అదే. ఈస్టు చక్కెర అంతా తినేవరకు వదిలితే ట్రోకెన్, మధ్యలో ఆపితే తీపి వైన్. శరదృతువులో ఇంకా పొంగుతున్న కొత్త వైన్‌ను ఫెడెర్‌వైసర్ అని అమ్ముతారట. సీసా మూత గట్టిగా బిగించరు, బిగిస్తే పగులుతుంది. దానిని ఉల్లిపాయల రొట్టెతో త్రాగుతారు. అల్లుడు ఇది చెప్పగానే, ఇది మన కల్లుముంత వ్యవహారమే కదా నాయనా అన్నాను.

ఐరోపా నియమము ప్రకారము పొడి వైన్‌లో చక్కెర లీటరుకు నాలుగు గ్రాములు మించరాదు. పులుపు తగినంత ఉంటే తొమ్మిది గ్రాముల వరకు ఉండవచ్చును. రీస్లింగ్‌కు పులుపు ఎక్కువ కనుక తొమ్మిది గ్రాములు ఉన్నా నాలుకకు తీపి తెలియదు. నూటయాభై మిల్లీలీటర్ల గ్లాసులో ఎంత ఉన్నదని లెక్క వేస్తే గ్రామున్నరకు తక్కువ. అర టీస్పూను కూడ కాదు. ఈ లెక్క నాకు చాల నచ్చినది. ఒక సీసా పెట్టెలో సర్దుకొని హిందూపురము తెచ్చాను.

శ్రావణము వస్తే మా ఇంటిలో మాంసము ముట్టరు. అందువలన ఆషాఢము చివరి వారములో బాల్యస్నేహితులను భోజనానికి పిలిచాను. ఉన్నత పాఠశాలలో ఒకే బెంచీ మీద కూర్చున్న నలుగురము. ఒకడు ధర్మవరములో పట్టుచీరల వ్యాపారి. ఒకడు పెనుకొండలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాడు. మూడవవాడు హిందూపురములోనే బెల్లము, చింతపండు మండీ నడిపినవాడు. నాలుగవవాడిని నేను.

‘‘పొడి సారాయి అంటావు, సీసాలో తడిగానే ఉండాదే?’’ అని ధర్మవరము వాడు మొదలుపెట్టాడు. కల్లు ఉదాహరణ చెప్పాను. అందరూ నవ్వారు. అప్పుడు వాడు కొంచెము గొంతు తగ్గించి, ‘‘ఒరేయ్ డాక్టరూ, నాకు షుగరు ఉండాది కదా, ఇది తాగొచ్చునా?’’ అని అడిగాడు.

‘‘ఇందులో చక్కెర లేదురా. నీకు ఓళిగ కంటె ఇదే మేలు’’ అన్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా రోగులకు జాగ్రత్తలు చెప్పిన నోటితోనే అన్నాను.

పెనుకొండ ఉపాధ్యాయుడు గ్లాసు ముట్టలేదు. అతని అన్న సారా ప్యాకెట్ల రోజులలో కాలేయము చెడి, జలోదరము వచ్చి పోయాడు. ఆ పొట్టలో నీరు సూదితో తీసినవారిలో నేనూ ఒకడిని. అతనిని ఎవరూ బలవంతము చేయలేదు. మాట మాత్రము మద్యనిషేధము మీదికి వెళ్ళినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమము, తరువాతి ఎన్నికలు, మన హిందూపురము ఎమ్మెల్యేగా ఉన్న ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రి హోదాలో 1995 జనవరి 16 నుంచి తెచ్చిన సంపూర్ణ నిషేధము, రెండేళ్ళు దాటీ దాటకముందే 1997లో అది తొలగిపోవడము, ఇవన్నీ మా తరము కళ్ళతో చూచినవి. నేను అప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఉన్నాను. నిషేధము పెట్టిన మొదటి వారములో వణుకుతూ, లేనివి కనిపిస్తున్నాయని కేకలు వేస్తూ వచ్చినవారు ఇప్పటికీ గుర్తున్నారు. ఏళ్ళ తరబడి త్రాగిన శరీరమునకు ఒక్కసారిగా ఆపితే వచ్చే ఉన్మాదము అది, ప్రాణాపాయము కూడ. ఆ తరువాత కొన్ని నెలలు వార్డులో తల పగిలిన భార్యలు తగ్గారు. ఇది నేను చూచినది, ఎవరు ఎన్ని చెప్పినా మరువను. పిదప గౌరిబిదనూరు వైపు సైకిళ్ళు, మోపెడ్లు బయలుదేరాయి. కర్ణాటక సరిహద్దు మనకు పిలిస్తే పలికే దూరము. నిషేధమును సమర్థించేవారు, వ్యతిరేకించేవారు ఇద్దరూ సగమే చూచారని నా అభిప్రాయము. ఆ చర్చ మరియొకసారి.

భోజనము సంగతికి వస్తాను. మా ఇంటావిడ ఆ రోజు జర్మనీ సీసాకు పరీక్ష పెట్టినట్లు వండినది. మొదట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఉగ్గానిలోని నిమ్మరసము, వేయించిన శనగపప్పు పొడి, ఈ రెండింటికీ వైన్ బాగా కుదిరినది. పుల్లని పదార్థముతో పుల్లని వైన్ త్రాగితే వైన్ పులుపు నాలుకకు తగ్గినట్లు తోస్తుంది. చిత్రాన్నముతోనూ అట్లే. బజ్జీ దగ్గర మాత్రము దెబ్బతిన్నది. మిరపలోని కాప్సేసిన్ మన నోటిలో వేడిని గుర్తించే నాడీగ్రాహకములను తట్టి లేపుతుంది. సారము అవే గ్రాహకములను ఇంకా సున్నితము చేస్తుంది. కనుక మిరపకాయ మీద వైన్ పోస్తే మంట ఆరదు, రాజుకుంటుంది. మండీ వాడు కళ్ళనీళ్ళు పెట్టుకొని మజ్జిగ అడిగాడు. మజ్జిగలోని కేసీన్ అనే మాంసకృత్తి కాప్సేసిన్‌ను పట్టుకొని కడిగివేస్తుంది. కారమునకు మజ్జిగను మించిన పానీయము జర్మనీలో లేదు.

అన్నింటికంటె బాగా నప్పినది చెరువు చేప వేపుడు. పసుపు, ఉప్పు, కొంచెము కారము పట్టించి, వేరుశనగనూనెలో వేయించి, నిమ్మకాయ పిండినది. రైన్ ఒడ్డున వారు నదిలోని ట్రౌట్ చేపను, వెన్నలో వేయించిన దూడమాంసపు ముక్కను ఈ వైన్‌తో తినడానికి కారణము అప్పుడు తెలిసినది. ఉప్పు, నూనె, తక్కువ కారము ఉన్న చోట అది రాణిస్తుంది. నాటుకోడి పులుసుతో ఓడిపోయినది. ధనియాలు, లవంగము, ఎండుమిర్చి ముందు దాని సన్నని వాసన నిలువలేదు. సంగటి, ఊరుబిండి సంగతి చెప్పనక్కరలేదు, వాటికి తోడు ఎవరూ అవసరము లేదు. చివరకు ఓళిగ వచ్చినది. తియ్యని ఓళిగ కొరికి పొడి వైన్ గుక్క వేస్తే పచ్చి చింతకాయ నీళ్ళు త్రాగినట్లున్నది. తీపి వంటకము పక్కన తీపి లేని వైన్ పుల్లగాను, చేదుగాను మారుతుంది.

ఈ పరీక్షలలో మునిగి ఒక సంగతి గమనించలేదు. ధర్మవరము వాడు దాదాపు ఏమీ తినలేదు. శ్రావణములో వరలక్ష్మీ వ్రతములకు చీరల గిరాకీ కనుక ఆ రోజు దుకాణములో మధ్యాహ్న భోజనము మానివేశాడు. మా ఇంటికి వచ్చిన తరువాత షుగరు పెరుగుతుందని సంగటి, అన్నము, ఉగ్గాని ముట్టలేదు. ఓళిగ నేనే వద్దన్నాను. నాలుగు చేప ముక్కలు, గుప్పెడు వేరుశనగపప్పులు తిన్నాడు. భోజనానికి ముందు వేసుకోవలసిన మాత్రను మాత్రము సమయము తప్పకుండ వేసుకొన్నాడు. అది గ్లైబెంక్లమైడ్. వైన్ చక్కెర లేనిదని డాక్టరు చెప్పాడు కనుక, మేము గ్లాసున్నర చొప్పున త్రాగి ఆగితే మిగిలినదంతా వాడే త్రాగాడు. సుమారు 350 మిల్లీలీటర్లు. మత్తు ఏమీ కనిపించలేదు. పదిన్నరకు డ్రైవరు కారు తెచ్చాడు. నవ్వుతూనే ఎక్కాడు.

మరునాడు ఉదయము అయిదున్నరకు ఫోను మ్రోగినది. వాని భార్య.

‘‘అన్నా, రాత్రి ఎంత తాగించినారు ఈయనకు? లేపితే లేచేది లేదు. ఏందో గొణుగుతాండాడు. ఒళ్ళంతా చెమట, దుప్పటి తడిసిపోయింది.’’

ఆ చెమట మాట వినగానే నా చేతులు చల్లబడ్డాయి. ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నదా అని అడిగాను. ఉన్నది. కొడుకు వేలి నుంచి రక్తము తీసి చూచాడు. 34 అన్నాడు. పంచదార నీళ్ళు త్రాగించబోయారు. మ్రింగుతున్నాడా అని అడిగితే, నోటి నుంచి కారిపోతున్నాయన్నారు. ఆపమన్నాను. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, ఉన్నపళముగా ఆసుపత్రికి తీసుకొని వెళ్ళమన్నాను. అక్కడ సిరలోనికి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషములలో కళ్ళు తెరిచి, దుకాణము తాళములు ఎక్కడ అని అడిగాడట. నేను చేరుకొనేటప్పటికి కూర్చొని ఉన్నాడు. మధ్యాహ్నము మరల 52కు పడిపోయినది. ఆ మాత్ర ప్రభావము ఒక పూటతో పోదు. మరుసటి రోజు వరకు గ్లూకోజు ఎక్కిస్తూ ఉంచవలసి వచ్చినది.

వరండాలో వాని భార్య చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. రాత్రి రెండు గంటలప్పుడే ఆయన మాట తడబడినదట. లేచి నడవబోయి తూలి మంచము కోడు పట్టుకొన్నాడట. ‘‘తాగినాడని కోపం వచ్చింది అన్నా. అటు తిరిగి పడుకున్యా. మూడు గంటలు అట్లనే వదిలేసినా’’ అన్నది. నా మీద కోపము రావలసిన మనిషి తన మీద తాను కోపముతో ఏడ్చినది.

ఆమె తప్పు ఏమున్నది? తడబడే మాట, తూలే నడక, తికమక, చిరాకు, నిద్రమత్తు. రక్తములో గ్లూకోజు పడిపోయినా, సారాయి తలకెక్కినా బయటకు కనిపించేవి అవే. నోటి నుంచి వైన్ వాసన వస్తున్నప్పుడు రెండవ కారణమును ఎవరు వెదుకుతారు? ఆసుపత్రులలోని కుర్రడాక్టర్లు కూడ ఒక్కొక్కసారి మోసపోతారు. చెమట, వణుకు, చల్లని చర్మము ఉంటే ముందు వేలి మీద చుక్క రక్తము తీసి చూడాలి. త్రాగాడా లేదా అన్న విచారణ తరువాత.

ఇక అసలు జరిగినది ఏమిటి? నేను చెప్పిన మాట లెక్క ప్రకారము అబద్ధము కాదు. ఆ 350 మిల్లీలీటర్లలో చక్కెర ఎక్కువలో ఎక్కువ మూడు గ్రాముల పైచిలుకు. ఒక్క ఓళిగలో అంతకు అనేక రెట్ల బెల్లము, పిండి ఉంటాయి. కాని నేను చక్కెరను లెక్కపెట్టి సారమును లెక్కపెట్టలేదు. పన్నెండున్నర శాతము వైన్ 350 మిల్లీలీటర్లలో శుద్ధమైన సారము ముప్పైనాలుగు గ్రాములు ఉంటుంది. మన లెక్కలో మూడు చిన్న పెగ్గుల విస్కీకి పైగా. లేతరంగు, సన్నని గ్లాసు, పుల్లని రుచి చూచి అది మనకు విస్కీ వలె కనబడదు.

మనము ఆహారము తీసుకొనని వేళలలో రక్తములో గ్లూకోజును నిలబెట్టేది కాలేయము. తనలో నిల్వచేసుకొన్న గ్లైకోజెన్‌ను కరిగించి కొంత, ఇతర పదార్థముల నుంచి కొత్తగా తయారుచేసి కొంత రక్తములోనికి విడుదల చేస్తుంది. రాత్రి నిద్రలో మెదడు ఆధారపడేది దీని మీదనే. సారము శరీరములోనికి వచ్చినప్పుడు కాలేయము దానిని విచ్ఛిన్నము చేసే పనిలో పడుతుంది. ఆ రసాయనిక చర్యల వలన కొత్త గ్లూకోజును తయారుచేసే మార్గము మూతపడుతుంది. గంటకు సుమారు ఏడు నుంచి పది గ్రాముల సారమును మాత్రమే కాలేయము వదిలించుకోగలదు. అనగా మా వాని కాలేయమునకు నాలుగైదు గంటలు ఆ పనే సరిపోయినది. పగలు తినలేదు కనుక నిల్వ కూడ తక్కువ. ఇది ఒక ప్రక్క. రెండవ ప్రక్క గ్లైబెంక్లమైడ్ క్లోమమును ఇన్సులిన్ స్రవించమని తెల్లవార్లూ పురమాయిస్తున్నది. రావలసిన గ్లూకోజు రాలేదు, ఉన్న గ్లూకోజును ఇన్సులిన్ తరుముతున్నది. అరవై దాటిన వయస్సులో మూత్రపిండముల పని కొంచెము మందగించడము వలన మాత్ర శరీరములో మరింత సేపు నిలిచినది. ఆసుపత్రిలో క్రియాటినిన్ పరీక్షలో అది బయటపడినది.

గ్లైబెంక్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవారు, ఇన్సులిన్ తీసుకొనేవారు ఈ ప్రమాదములో ముందు వరుసలో ఉంటారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో గ్లూకోజు ఇంతగా పడిపోవడము అరుదు. అయితే అతిగా త్రాగేవారికి, మూత్రపిండములు, కాలేయము సరిగా లేనివారికి ఆ మందు వలన రక్తములో లాక్టిక్ ఆమ్లము పేరుకొనే అపాయము ఉన్నది. మెట్రోనిడజోల్ వాడే రోజులలో మద్యము పూర్తిగా మానాలి. నిద్రమాత్రలతో కలిస్తే శ్వాస మందగిస్తుంది. మద్యము వలన గ్లూకోజు పడిపోయి స్పృహ తప్పినవారికి గ్లూకగాన్ సూది మీద ఆధారపడరాదు. ఆ సూది కాలేయములోని నిల్వను బయటకు తీస్తుంది, నిల్వ ఖాళీ అయిన చోట దానికి తీసేందుకు ఏమీ ఉండదు. మ్రింగగలిగినవారికి మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషములకు మరల పరీక్ష చేయాలి. మ్రింగలేనివారి నోటిలో ఏమీ పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోతుంది.

ఇక వైన్ గుండెకు మంచిదన్న మాట. ఎర్రద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ గురించి పత్రికలు చాల వ్రాశాయి. తెల్ల వైన్ తయారీలో తొక్కను ముందే తీసివేస్తారు కనుక అది ఉండేది అత్యల్పము. ఎర్ర వైన్‌లో ఉన్నది కూడ ఔషధముగా పనిచేసేటంత కాదు. మద్యపానీయములను కాన్సరు కలిగించే పదార్థముల మొదటి వర్గములో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే చేర్చినది. మద్యము ఏ మోతాదులోను సురక్షితము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. రీస్లింగ్‌లోని సారమునకు, కల్లులోని సారమునకు, ఒకప్పటి సారా ప్యాకెట్టులోని సారమునకు అణువులో భేదము లేదు. సీసా మీద కోట బొమ్మ ఉంటే కాలేయము మర్యాద చేయదు.

ఇదంతా తెలిసినా నేను ఆ రైన్‌గౌ మధ్యాహ్నమును చెడ్డదని చెప్పలేను. ఆస్పరాగస్‌తో త్రాగిన ఆ గ్లాసు రుచి బాగున్నది. అబద్ధమెందుకు? కాని అది రుచికి సంబంధించిన సంగతి, ఆరోగ్యమునకు సంబంధించినది కాదు. నేను రెండింటినీ ఒక వాక్యములో కలిపి, డాక్టరు నోటితో చెప్పాను. ఓళిగ కంటె మేలు అన్నాను. త్రాగని వారిని మొదలుపెట్టమని ఏ వైద్యుడూ చెప్పరాదు. త్రాగుతామని నిశ్చయించుకొన్న మధుమేహరోగులు నా వద్దకు వస్తే వారి మందుల చీటీ అడుగుతాను, కాలేయము, మూత్రపిండముల పరీక్షలు చూస్తాను. ఖాళీ కడుపుతో వద్దు, సంగటో, అన్నమో, రొట్టెయో పిండిపదార్థము తినకుండా వద్దు, పడుకోబోయే ముందు గ్లూకోజు చూచుకోండి, ఇంట్లో ఒకరికి ఈ సంగతి ముందుగా చెప్పి ఉంచండి అంటాను. కొందరికి అసలు వద్దంటాను. కొందరు నొచ్చుకొంటారు.

మా వాని మాత్ర మార్చారు. ఆ తరువాత వాడు మద్యము ముట్టలేదు, నేను అడగలేదు కూడ. నలుగురము ఏటా ఆషాఢములో కలుస్తూనే ఉన్నాము, మధ్యలో కరోనా వచ్చిన ఏడు తప్ప. ఆ పచ్చని పొడుగు సీసాను మా ఇంటావిడ పారవేయలేదు. వంటింటి కిటికీలో దానిలో ఆముదము పోసి పెట్టినది. మొన్న కలిసినప్పుడు ధర్మవరము వాడు దానిని చూచి, ‘‘ఇది మాత్రం తడిగానే ఉండాది’’ అన్నాడు. అప్పుడే నా ఫోను మ్రోగినది. వాని భార్య. ఇంటికి వచ్చిన ప్రతిసారీ చేస్తుంది.

‘‘అన్నా, సంగటి తిన్యాడా?’’

తిన్నాడమ్మా, ఊరుబిండితో రెండు ముద్దలు తిన్నాడు, ఒక ఓళిగ కూడ తిన్నాడు అని చెప్పాను.